అరచేతిలో చందమామ

తాడేపల్లిగూడెంలో తివాచీలు కడిగే మెషిన్లు బాగుచేసే ఆవిడను తలచుకుంటే, ముందు గుర్తొచ్చేది ఆవిడ అరచెయ్యి. ఏ మెషిన్ తెచ్చినా స్విచ్ వేసి, గొట్టం మూతిని అరచేత్తో కాసేపు మూసేవారు. తర్వాత ఆ చెయ్యి మనకు చూపించేవారు. మెషిన్ గట్టిగా పీలిస్తే దాని గుర్తు అందులో పడేది.

ఏలూరు కల్యాణ మండపాల్లో తివాచీలు కడగడమే నా బతుకుతెరువు. ఓ ఉదయం ఒక మండపంలో కడుగుతుండగా నా మెషిన్ పీల్చడం మానేసింది. సాయంత్రం అక్కడే ఇంకో పెళ్ళి. మోటారు కాలిపోయిందనుకుని, కొత్తది కొనే శక్తి లేక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని గూడెం బస్సెక్కాను.

ఆవిడ చూపించిన అరచేతిలో ఏ గుర్తూ లేదు.

"పోయినట్టేనా అండీ?" అన్నాను.

"మోటారు శబ్దం బాగానే ఉందండీ. కడిగేముందు ఊడ్చారా?"

మెషిన్ ఉండగా చీపురెందుకనుకున్నాను. ఆవిడ గొట్టం విప్పి పుల్లతో పొడిస్తే, నాని ఉబ్బిన అక్షింతలు పచ్చగా, ముద్దగా జారిపడ్డాయి.

"పెళ్ళివారి దీవెనలన్నీ ఇదే మింగేసిందండీ," అని నవ్వి, గొట్టం బిగించి మళ్ళీ మూశారు. ఈసారి చెయ్యి లాగితే చప్పుడైంది. ఆ చెయ్యి నాకు చూపించారు.

అరచేతి మధ్య, గోరింటాకు చందమామలా, ఎర్రటి గుండ్రం.