ఆలివ్ కాయల మీద బూజు

నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. విశ్రాంతి తీసుకోమని నన్ను మా చిత్తూరు నుంచి ఇటలీలో ఒక ఆలివ్ తోటల పల్లెకు తీసుకొచ్చింది. మూడు రోజులు బుద్ధిగానే కూర్చున్నాను. ఈ ఉదయం మేము దిగిన ఇంటామె ఉప్పునీళ్లలో ఊరవేసిన ఆలివ్ కాయల జాడీ చూశాను. పైన తెల్లగా బూజు. పాపం, చూసుకోలేదనుకుని నీళ్లన్నీ పారబోసి, ఊరగాయకు మామిడి ముక్కలు ఆరబెట్టినట్టు కాయలను నా చీర మీద ఎండలో పరిచాను.

ఇంటామె నాకంటే పెద్దది. చూసి తల పట్టుకుని ఒకటే అరుపులు.

"అవ్వా, ఆ బూజుతో ఏం గాదంట! ఆ నీళ్లతోనే చేదు పొయ్యేదంట. రెండు నెల్లుగా ఊరతా ఉండాయంట. నిన్నెవురు పారబొయ్యమన్నారు?" అంది మనవరాలు.

"ఒకరు చెప్పాల్నా? యాభై ఏండ్లు ఊరగాయ పెట్టినదాన్ని, నాకు బూజు తెలీదా?"

"తెలీదనే గదా ఆమె అరస్తా ఉండేది!"

కాయలన్నీ ఏరి ఇంటామెకు ఇచ్చాను. ఆమె మళ్లీ ఉప్పునీళ్లు కలిపి పోసుకుంది. తర్వాత నన్ను జాడీకి దూరంగా, చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా నేను లేచినప్పుడల్లా వేలు చూపించి కూర్చోమంది. విశ్రాంతి అంటే ఇదే కాబోలు. బూజు కళ్లబడినా చేతులు కట్టుకుని ఉండగలిగే ఆడవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను.