గట్టి మాటల త్రిభువన్

అలహాబాదు సలోరీలో, సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లుండే మా లాడ్జికి ఇంగ్లీషు పేపరు ఒక్కటే వచ్చేది. ఆటల పేజీ ఎవరికి ముందు దొరికితే వాళ్లది. సినిమా పేజీ కోసం కొట్టుకునేవాళ్లు. సంపాదకీయం పేజీ మాత్రం ముందు త్రిభువన్ భయ్యా గదికే పోవాలి, అది లాడ్జి రివాజు. ఆయన ఎర్ర పెన్నుతో గట్టి మాట కనిపించిన చోటల్లా గీత గీసి, పైన హిందీలో అర్థం రాసేవాడు. ఆ తరువాతే ఆ కాగితం మిగతా గదులు తిరిగేది. నా దగ్గరికొచ్చేసరికి దాని మీద పప్పు మరకలు కూడా ఉండేవి.

త్రిభువన్ బింద్‌ది గాజీపూర్, పడవలు నడిపేవాళ్ల ఇల్లు. చదువంతా హిందీలోనే సాగింది. లెక్కలంటారా, మేం పెన్ను మూత తీసేలోగా జవాబు చెప్పేవాడు. ఇంగ్లీషే ఆయనకు గండం. సర్కారు గుమస్తా పరీక్షలో ప్రతిసారీ మిగతావన్నీ దాటి అక్కడే మునిగేవాడు.

"పడవలవాళ్ల పిల్లాడివి, ఈ పిల్లకాలవలో మునుగుతావేంరా!" అని ఇంటి యజమానురాలు ఫూల్మతీ చాచీ ఆటపట్టించేది.

సంపాదకీయాల్లోని కష్టమైన మాటలన్నీ మింగేస్తే ఇంగ్లీషు లొంగుతుందని ఎవరో కోచింగ్ మాస్టారు చెప్పాడట. అంతే, భయ్యా మింగడం మొదలుపెట్టాడు. ఒకసారి నీళ్ల మోటారు విషయంలో చాచీతో గొడవపడుతూ, మీ మాట నిలవదు అనడానికి "మీ వైఖరి అన్‌టెనబుల్ చాచీ!" అనేశాడు. రొట్టె కాలుస్తున్న చాచీ పటకారు పట్టుకునే బయటికి వచ్చింది.

"తిట్టాలనుంటే మన భాషలో తిట్టు నాయనా, నేనూ తిరిగి నాలుగు అంటాను!"

నేనొకసారి, "భయ్యా, ఇవాళ సంపాదకీయం దేని గురించి?" అని అడిగాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"దేని గురించైతే మనకేంట్రా? పంటల గురించో పార్లమెంటు గురించో అయ్యుంటది. పరీక్షలో కావలసింది మాటలు. కబుర్లు కావాలంటే టీ కొట్టుకి పో."

నిజమే కదా అనుకున్నాను. లాడ్జి లాడ్జంతా అలాగే చదివేది. పొట్టు ఏరుకుని గింజలు వదిలేసే తెలివైన వాళ్లం మేము.

ఆ ఏడాదితో భయ్యాకు వయసు దాటిపోతుంది. ఇంకోసారి రాయడానికి పుట్టిన తేదీ ఒప్పుకోదు. బియ్యంలో చిటికెడు పసుపు, ఒక బంగాళాదుంప పడేసి కుక్కరు పెట్టడం, మాటలు వల్లెవేస్తూ దాన్ని మాడబెట్టడం, ఆ మాడు గీక్కుని తినడం. ఇంటి నుంచి ఫోనొస్తే కట్ చేసేవాడు. "ఏం చెప్పమంటావురా వాళ్లకి? ఇంకా మాటలు నేర్చుకుంటున్నానని చెప్పనా?" అని ఒకసారి నా మీద అరిచాడు. ఈసారి కాకపోతే ఏం చేస్తావని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నాకైతే ఆయన కంటే ఎక్కువ భయం వేసేది.

పరీక్ష రోజు గేటు బయట కాచుకుని ఉన్నాను. అందరికంటే చివర వచ్చాడు.

"ఇంగ్లీషులో చదివి జవాబులు పెట్టమన్న పాసేజీ మన లాడ్జి పేపర్లోదే. మొన్న చలికాలంలో గీతలు గీసి మీకందరికీ ఇచ్చానే, అదే," అన్నాడు.

"అరె! పంట పండింది గురూ!" అని ఎగిరి గంతేశాను. ఆయన నవ్వలేదు. "పద, ఎండగా ఉంది," అన్నాడు.

ఫలితాలొచ్చాయి. మిగతా అన్నింట్లో బోలెడు మార్కులు, ఇంగ్లీషులో మాత్రం వెంట్రుక వాసిలో పోయింది. ఆయన రాసిన అర్థాలు చూసి నేర్చుకున్న పక్కగది రామ్‌కేవల్ మాత్రం గట్టెక్కి, లడ్డూలు తెచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. దీపం కింద చీకటంటే ఇదే. వాడు వెళ్లగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"తెలిసిన పాసేజీ చేతికొస్తే ఎలా పోగొట్టుకున్నావు భయ్యా? ఏ మాట రాలేదు నీకు?"

"అన్నీ వచ్చురా." మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ చెప్పాడు. "దాన్ని మొదటినుంచీ చివరిదాకా చదవడం అదే మొదటిసారి. అది మన గురించేరా. ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి పరీక్షలు రాస్తూ ముసలాళ్లయిపోయే వాళ్ల గురించి. లాంగ్విష్ అన్న మాటకి మగ్గిపోవడం అని అర్థం రాసింది నేనే. మగ్గిపోతోంది ఎవరో అప్పుడు చూడలేదు."

"అయితే ఏం? ప్రశ్నలకి జవాబులు పెట్టాలి కదా!"

"మొదటి ప్రశ్నే, వీళ్లని ఏం చేయమని రచయిత చెబుతున్నాడు అని. జవాబు కంప్యూటర్ తెర మీద కళ్ల ముందే ఉంది. ఈ ఆశ వదిలేసి ఇంకో పని చూసుకోమంటున్నాడు."

"మరి నొక్కాల్సింది!"

"నొక్కబోయాను. చెయ్యి రాలేదు. నొక్కితే నేనే ఒప్పుకున్నట్టు కాదా? దాన్నే చూస్తూ కూర్చుండిపోయాను. టైమైపోయింది. ఆ పాసేజీలో మిగతా ప్రశ్నలన్నీ అలాగే ఉండిపోయాయి."

నాకు ఆయన కోసం ఏడవాలనిపించింది, అంతకంటే ముందు ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. భయ్యా తల తిప్పి నా మొహంలోకి చూశాడు.

"నీ సంగతేంట్రా? వయసు దాటడానికి నీకింకా ఎన్నాళ్లుంది?"

నాకు తెలుసు. లడ్డూల డబ్బాకి మూత పెట్టి, నా గదికి వచ్చేశాను.