కొల్లేట్లో తడవని బ్యాండు

దుర్గమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

కరోనా తగ్గిన ఏడాది నన్ను బెంజ్ సర్కిల్ దగ్గర ఓ గుండె ఆసుపత్రిలో, రిమోట్ మానిటరింగ్ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. స్టెంటు వేయించుకుని ఇంటికెళ్లేవారి మణికట్టుకు మేం ఒక బ్యాండు కడతాం. అది నాడి వేగాన్నీ లయనూ ఇంట్లోని ఫోను ద్వారా మా తెరకు పంపుతుంది. లయ తప్పితే ఎర్ర గుర్తు పడుతుంది. కారణం తేల్చే అధికారం టెక్నీషియన్‌కు లేదు. డ్యూటీ డాక్టరుకు చెప్పడం వరకే మా పని.

కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే సూర్రావు గారి బ్యాండు రోజూ పొద్దుటి పూట మాత్రమే ఎర్రబడేది. పిలిపించి ఈసీజీ తీస్తే ఏ తేడా లేదు. ఫోన్ చేస్తే, “గుండ్రాయిలా ఉన్నానండీ, ఇంకోసారి రమ్మనకండి” అన్నారు. ఆయనకు మందు పెంచేముందు ఓసారి ఇంటికెళ్లి చూసి రమ్మని డాక్టరు గారు నన్ను పంపారు.

వెళ్లేసరికి సూర్రావు గారు దోనె మీద ఉన్నారు. బ్యాండేమో వాకిట్లో వల బాగుచేస్తున్న ఆయన భార్య నాగమణి గారి గాజుల మధ్య ఉంది.

“నీళ్లలో పాడైపోద్దని నాకు తొడిగి వెళ్తాడండీ. తీసి గూట్లో పెడితే నాడి ఆగిందని మీరు కంగారుపడరూ?”

తడిసినా ఏం కాదని మేం చెప్పే పంపాం. నమ్మితేగా! నా ట్యాబులో అప్పుడే ఎర్ర గుర్తు పడింది. ఆయాసం వస్తుందా అని అడిగాను.

“గంప ఎత్తితే ఎవరికి రాదండీ?”

ఇంతలో దోనె ఒడ్డుకొచ్చింది. లయ తప్పింది ఆవిడ గుండేనని చెప్పగానే సూర్రావు గారు చేపల గంప అక్కడే దించేశారు.

“ఏమే, నాతో ఒక్క ముక్క చెప్పలేదే?”

“నీ గుండెకే ఇంత గోలయ్యింది. మధ్యలో నాదెందుకయ్యా?”

ఆయన ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ముందుగా మా వ్యానెక్కారు.

పరీక్షలో గుండె పైగదులు వణుకుతున్నాయని తేలింది. అలాంటప్పుడు నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అది రాకముందే మందు మొదలైంది. ఆవిడకూ ఒక బ్యాండు ఇచ్చాం. ఆ తర్వాత రోజూ, ఆయన దోనె ఒడ్డుకు తగలగానే ఆవిడ నాడి మా తెర మీద నెమ్మదించేది.

ఎర్ర గుర్తు పడితే మొదట “బ్యాండు ఎవరి చేతికుందండీ?” అని అడగాలి. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా కొత్తవాళ్లకు నేను నేర్పింది అదే.

ఇక ఒట్టు సంగతి. ఆ నాడి నెమ్మదించడం నా కల్పన. దోనె వచ్చే వేళకు మా తెర మీద ఆవిడ గీతే ఉండేది కాదు. చేపలు కడగాలి కదా, తడుస్తుందని బ్యాండు తీసి గూట్లో పెట్టేసేవారు.