చెవిటి తండ్రికి చెప్పాల్సిన రహస్యం

మొన్న మా మనవరాలు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తూ నన్నూ ఇంగ్లండులో న్యూకాసిల్ ఊరి శివార్లకు తీసుకెళ్తే, కారు దిగేదాకా తెలియలేదు, అది నేను చాలా ఏళ్ళు వంట చేసిన టీపొడి షావుకారు ఇల్లేనని. ఇంటిని ముక్కలు చేసి ఫ్లాట్లుగా అమ్ముతున్నారు. ఇక్కడొక 'సర్' ఉండేవారని ఆ చూపించే కుర్రాడు గొప్పగా చెప్పాడు. నేను అక్షరాలు నేర్చిందే యాభై దాటాక. సొగసుగా రాయడం చేతకాదు, జరిగింది చెబుతాను.

షావుకారు బాగా కలిగినవాడు, సొంత గోదాములుండేవి. ఆసుపత్రులకూ బళ్ళకూ విరాళాలు ఇచ్చేవాడు, కాదనను, కానీ ఇంట్లో వాడిన టీ సంచినే మళ్ళీ కప్పులో ముంచేవాడు. భార్య మంచిదే, కాస్త డాబు మనిషి. ఒక్క కూతురు, లండన్‌లో ఉండేది. వెనక గదిలో షావుకారు తండ్రి. ఓడలు కట్టే యార్డులో రివెట్లు కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్న మనిషి, చెవి మిషను పెట్టుకోమంటే తిట్టేవాడు. నన్ను మాత్రం 'పెట్' అని పిలిచేవాడు, ఆ ఊళ్ళో అందరూ ప్రేమగా అనే మాట.

ఒక చలికాలం మొదట్లో షావుకారుకి 'సర్' బిరుదు ఇస్తున్నట్టు కబురు వచ్చింది. కొత్త సంవత్సరానికి ప్రకటిస్తారు, అందాకా బయటికి పొక్కకూడదు. సరిగ్గా అప్పుడే ముసలాయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. క్రిస్మస్ దాటడం కష్టమని ఇంటి డాక్టరు చెప్పేశాడు. బిరుదు సంగతి ఈలోపే తండ్రికి చెప్పెయ్యమని భార్య రోజూ పోరేది. ఆయనకు వినబడాలంటే అరవాలి, అరిస్తే వీధి వీధంతా వింటుంది, రూలు రూలేనని షావుకారు మొండికేసేవాడు. రాసి చూపిద్దామంటే ముసలాయనకు చూపూ ఆనదు.

చూడలేక ఒకరోజు గిన్నెలు కడుగుతూనే అనేశాను. "సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి కారు అద్దాలు ఎక్కించి అరవండి సార్. అక్కడ వినడానికి సీగల్ పక్షులు తప్ప ఎవరుంటారు?" షావుకారు నా వైపు ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు గానీ, ఆ ఆదివారం తండ్రికి దుప్పట్లు చుట్టి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, పట్టుకోవడానికి నన్ను వెనక ముసలాయన పక్కన ఎక్కించాడు. సముద్రం ఒడ్డున కారు ఆపి, అద్దాలెక్కించి, తండ్రి వైపు తిరిగి అరిచాడు.

"నాన్నా, నాకు బిరుదు ఇస్తున్నారు!"

"ఏంటి?"

"బిరుదు! రాణిగారు ఇస్తున్నారు!"

"నీకా? దేనికి?"

"టీ అమ్మినందుకు!"

ముసలాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. కుక్కను తిప్పుతున్న ఒకాయన మేం కొట్టుకుంటున్నామనుకుని అద్దం తట్టి, అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్ళాడు. దగ్గు తగ్గాక ముసలాయన మెల్లిగా అడిగాడు. "మీ అమ్మకి చెప్పావా?"

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. తిరిగొచ్చేటప్పుడు షావుకారు ఆవిడ సమాధి ఉన్న శ్మశానం దగ్గర కారు ఆపి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. తుంపరలో గొడుగైనా లేకుండా నిలబడి ఉంటే మేం కారులోంచి చూస్తూ కూర్చున్నాం.

ముసలాయన క్రిస్మస్ చూడలేదు. ప్రకటన వచ్చేసరికి ఇంట్లో ఇంకా సంతాపం కార్డులు వస్తున్నాయి, వాటితోపాటే అభినందనల కార్డులూ వచ్చి పడ్డాయి. వేరు చేయబోతే షావుకారు వద్దన్నాడు. అన్నీ ఒకే బల్ల మీద నిలబెట్టాం. వచ్చినవాళ్ళు ముందు ఏ మాట అనాలో తెలియక నిలబడిపోయేవారు.

ఇప్పుడు మంచి కబురైనా చెడు కబురైనా ఫోన్‌లో టింగుమంటుంది, వేలితో తోస్తే పోతుంది. షావుకారూ పోయాడు, ఆయన భార్యా పోయింది, కూతురు ఇల్లు అమ్మేసింది. ఆ రోజు కారులో ఉన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. 'సర్' ఉండేవారని ఆ కుర్రాడు చెబుతున్నాడే, ఆ సర్ తన తండ్రికి ముందుగా చెప్పుకున్నాడా అని అడిగేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.