తూము బావ చెప్పిన చోటు

ఆ పేటలో ఆయన్ని బావా అని పిలవని మనిషి లేడు. పాలవాడు, మెకానిక్కు, ఆఖరికి పళ్ళన్నీ ఊడిన ముసలమ్మ కూడా "తూము బావా!" అనే కేకేస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర తూము పలకలు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలివ్వడం ఆయన సరదా.

చెరువుల్లో వాడేసిన నీళ్ళు ఆ తూముల్లోంచి పక్కనున్న ఉప్పునీటి సరస్సులోకి పోతాయి. ఆ సరస్సులోనే, నడుంలోతులో, ఆయన భార్య పీతలు పెంచుతుంది. బక్కచిక్కిన పీతల్ని కొని, చిల్లుల పెట్టెల్లో వేసి, చేపతలలు మేపి, ఒళ్ళు చేశాక అమ్ముతుంది. "పెళ్ళాం వ్యాపారంలోకి నీళ్ళొదిలే మొగుణ్ణి నిన్నే చూశాం బావా" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. బావ నవ్వేసేవాడు. ఆటు మొదలై నీళ్ళు సముద్రంలోకి వెనక్కి తీస్తున్నప్పుడే పలక ఎత్తుతాడాయన. ఆ మురికంతా సముద్రం లాక్కుపోతుందని ఆయన ధీమా.

ఆ రోజు పొద్దున్నే చెరువుల్లో రొయ్యలు పైకి తేలి గిలగిల్లాడాయి. సూపర్‌వైజరు రొప్పుతూ వచ్చాడు.

"బావా, మూడు తూములూ ఎత్తెయ్! అడుగు నీళ్ళు కుళ్ళిపోయాయి."

"కాసేపాగు అబ్బాయ్, ఆటు మొదలవనీ."

"ఈలోగా రొయ్యలు పోతే ఓనరు నన్ను తీసేస్తాడు. నన్ను తీసేలోపు నిన్ను నేను తీసేస్తాను. ఎత్తు!"

బావ గబగబా భార్యకి ఫోన్ చేశాడు.

"ఒసేయ్, పెట్టెలన్నీ పడవకి కట్టి మొగ దగ్గరికి లాగెయ్! సముద్రం నీళ్ళు లోపలికొచ్చే చోటు కదా, అక్కడ మురికి నిలవదు."

"అక్కడ ఇసకయ్యా, ఇప్పుడు..."

"నీళ్ళ సంగతి నాకు చెబుతావా? లాగవే!"

ఫోన్ పెట్టేసి పలకలు ఎత్తాడు. నల్లటి నీళ్ళు దబదబా దూకాయి.

సాయంత్రం ఆయన సైకిలేసుకుని మొగ దగ్గరికి వెళ్ళాడు. ఒకప్పుడు పడవలు పోయిన చోట కుక్కలు నడిచి వెళుతున్నాయి. ఇసక మేటవేసి మొగ పూడిపోయింది. వదిలిన నీళ్ళన్నీ అక్కడికొచ్చి, దారిలేక, నురగ కట్టి నిలిచిపోయాయి. ఇన్నేళ్ళూ నీళ్ళు తూము దాటడం చూశాడే కానీ, ఎక్కడికి చేరుతున్నాయో ఒక్కసారైనా వచ్చి చూడలేదు.

భార్య పెట్టెలు విప్పుతోంది. ఒక పీత కొండి మధ్యలో వేలు పెట్టి చూపించింది.

"చూడు, కరవమన్నా కరవట్లేదు."

"నాకు ముందే చెప్పొచ్చుగా..."

"చెప్పలేదా? నెల్లాళ్ళుగా చస్తున్నాయంటే మేత ఎక్కువేశావన్నావు. పొద్దున ఇసకంటే నోరు నొక్కేశావు."

అంతలో బావ ఫోన్ మోగింది. సూపర్‌వైజరు గొంతు భార్యకీ వినిపించింది. "బావా, ఇంకో విడత నీళ్ళు తియ్యాలి. వచ్చెయ్."

బావ కదల్లేదు.

"వెళ్ళు" అంది భార్య. "నువ్వు ఎత్తకపోతే ఇంకొకడు ఎత్తుతాడు. ఇక నీ జీతమొక్కటేగా మనకి."

ఆయన సైకిలు తిప్పాడు.

"ఇదిగో, ఈ పెట్టెలో ఇంకా రెండు మూడు కదులుతున్నాయి. వీటిని ఏ పక్కకి లాగమంటావు?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. బావ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చూశాడు. సరస్సంతా ఒకటే రంగు. ఆమె తాడు చేత్తో పట్టుకుని, నీళ్ళలో నిలబడి, ఆయన మొహంలోకే చూస్తోంది.