ఉత్తగ తినే కూర

మా ఓనరమ్మ పోయి నేటికి మూడు వారాలు. ఆ పొద్దున శంషాబాద్ మార్కెట్ నుంచి కూరగాయల సంచితో నడిచి వస్తూ, మా గల్లీ మలుపులో టైలరు దుకాణం మెట్టు మీద కాసేపు కూర్చుంది. మళ్లీ లేవలేదు. నా కారులోనే దవాఖానకు తీసుకుపోయాను. గుండె ఆగిపోయిందన్నారు. డెబ్బై రెండేళ్లు. సంచిలో ఒక సొరకాయ, నాలుగు మెంతికూర కట్టలు, డజను గుడ్లు ఉన్నాయి. గుడ్లలో ఒక్కటి కూడా పగల్లేదు.

సాయంత్రానికల్లా ఆమె వరండాలో, ఆమె కుర్చీల్లోనే కూర్చున్న వాళ్లలో ఒకాయన అన్నాడు: "ఇన్నేండ్లు బువ్వ మానేసి కడుపు మాడ్సుకున్నది. ఏం బాగుపడ్డది? ఎట్లయినా పోయింది గదా." పక్కవాళ్లు తలలూపారు. శవం ముందు తగవెందుకని ఆ రోజు నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆమె కడుపు మాడ్చుకోలేదు. ఆరేళ్ల పాటు మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని తిన్నవాణ్ని, నాకు తెలుసు. గోంగూర మాంసం, గుడ్ల పులుసు, నువ్వుల పొడి చల్లిన బీరకాయ, మెంతికూర వేసిన కోడి. కడుపు మాడ్చుకునే మనిషి ఇవి వండుకుంటుందా? ఇక పోవడమంటారా, అందరమూ పోయేవాళ్లమే. అన్నవాడు మాత్రం ఇక్కడే పాతుకుపోతాడా? ఆమె తన రెండు కాళ్ల మీద నడుస్తూ పోయింది. ఆ మాట విలువ ఆమెకు తెలిసినంతగా ఈ గల్లీలో ఎవరికీ తెలియదు.

ఎందుకంటే ఆమె పెనిమిటి ఒంటికాలితో పోయాడు. షుగరుతో మోకాలి దాకా తీసేశారు. తర్వాత రెండేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఆమె అప్పటికి సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేస్తోంది. లోకులందరి పుండ్లూ కడిగి వచ్చి, ఇంట్లో ఆయన పుండు కడిగేది. ఒకసారి చిక్కుడుకాయలు తుంపుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మూడు పూటలు తెల్లగ, వేడివేడిగ బువ్వ నేనే పెట్టిన బిడ్డా. వద్దన్నా ఇంకో ముద్ద వేసిన. ప్రేమతోనే వేసిన. గా ప్రేమే ఆయన కాలు తిన్నది." ఆయన పోయినప్పటి నుంచే తానూ బువ్వ మానేసింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

నేను విమానాశ్రయం నుంచి ట్యాక్సీ నడుపుతాను. ఆమె ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉంటున్నాం. ఆరేళ్ల కింద నా ఎడమ కాలి బొటనవేలి కింద చెప్పు కరిచి చిన్న పుండు పడింది. నెల దాటినా మానలేదు. ఇంట్లో చెప్పలేదు. గేటు తీస్తూ కుంటడం ఆమె చూసింది.

"చెప్పు ఇడువు," అంది.

"ఏం లేదమ్మా, జర కరిసింది."

"నేనేం అడిగిన, నువ్వేం జెప్తున్నవ్? చెప్పు ఇడువు."

గేటు మెట్టు మీదే కూర్చోబెట్టి, ముసలి మోకాళ్ల మీద వంగి, నా కాలు తన ఒళ్లో పెట్టుకుని చూసింది. తెల్లారే నన్ను దవాఖానకు లాక్కుపోయింది. షుగరు అని తేలింది. మందులు రాసి, డాక్టరు "అన్నం తగ్గించు" అన్నాడు. ఈ మాట అందరూ అంటారు. అన్నం తీసేసిన ఆ జాగాలో ఏం పెట్టాలో మాత్రం ఎవడూ చెప్పడు.

మా ఆవిడ భయపడి మర్నాటి నుంచి అన్నం మానిపించి, కూర ఒక్కటే గిన్నెడు పెట్టింది. ఇక్కడే మేం తప్పు చేశాం. మా ఇళ్లలో కూర వండేది కుప్ప అన్నంలో కలుపుకోవడానికి. ఉప్పూ కారమూ పులుపూ అన్నీ ఆ కుప్పకు సరిపడా పడతాయి. ఆ కూరను గిన్నెడు ఉత్తగా తింటే ఏమవుతుంది? నోరు మండింది, కడుపు మండింది, చెంబెడు నీళ్లు తాగాను. నాలుగో రోజు కారు పక్కకు ఆపి, బెంగళూరు రోడ్డు మీద ఓ హోటల్లో బిర్యానీ తిన్నాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని ఇంటికొస్తే, గేటు దగ్గరే ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

తిడుతుందనుకున్నాను. మా వంటింట్లోకి నడిచి, కూర గిన్నెలో వేలు ముంచి నాకి, మొహం చిట్లించింది. "తప్పు వీనిది గాదు, నీది గాదు," అంది మా ఆవిడతో. "కూరది. అన్నంల కలిపే కూర వేరు, ఉత్తగ తినే కూర వేరు. ఉప్పు సగం వెయ్యి, కారం సగం వెయ్యి, చింతపండు సగం వెయ్యి. కూర మాత్రం రెండింతలు వండు. నూనెకు పిసినారితనం చెయ్యకు."

ఆమె విద్యంతా ఇంతే. ఫోన్లో చూసి మా ఆవిడ ఓసారి గోబీపువ్వు తురిమి అన్నంలా వండితే, ఓనరమ్మ కంచం వెనక్కి జరిపింది. "లేని బువ్వను ఉన్నట్టు సూపెట్టుడు ఎందుకు? గోబీని గోబీ లెక్కనే తిను. మా నాయిన జొన్న గటక తాగి మడి దున్నిండు. వరిబువ్వ పండుగకే సూసిండు. గాయనేమన్న మనిషి గాదా?" జొన్న కూడా ఎక్కువ తినొద్దని ఆమే అనేది, అది వేరే సంగతి. మందుల మీద మాత్రం గట్టి పట్టు. "మాత్ర మానకు, ముద్ద తగ్గియ్యి. ముద్ద తగ్గిస్తున్నట్టు డాక్టరుకు జెప్పు," అనేది. నాలుగు నెలలకు పుండు మానింది. వేలు వేలులాగే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు వరండాలో చాప పరిచేది. ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటే వాళ్లు వచ్చి కూర్చోవలసిందే. నేను, మా ఆవిడ, గోదాంలో ప్యాకింగ్ చేసే పైవాటా అక్క. ఎవరింటి కూర వాళ్లు తెచ్చుకుని అందరికీ వడ్డించాలి. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది, రెండే మాటలు. "ప్రభువా, ఇచ్చినవు. పంచుకుంటున్నం." పొడుగు ప్రార్థన చేస్తే కూర చల్లారుతుందట. నెత్తి మీదుగా విమానం పోతే మాటలు ఆపి, అది దాటాక ఆగిన చోటి నుంచే తిట్టు మొదలుపెట్టేది. ఒంటరిగా తింటానంటే ఒప్పుకునేది కాదు. "ఒక్కడే కూసుండి తింటే పథ్యం. నలుగురు కూసుండి తింటే భోజనం," అనేది. పథ్యం నెల రోజుల్లో విడిచిపెడతాం, భోజనం ఎవరు విడిచిపెడతారు?

మా దగ్గర ఒకరి గిన్నె ఒకరికి ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చెంచాడు చక్కెర అయినా వేసి ఇస్తారు. ఆమె గిన్నెల్లో కూర తిన్నవాళ్లంతా అలవాటుగా చక్కెర వేసి పంపారు, షుగరు పేరు చెబితే మండిపడే మనిషికి. ఓ రోజు గేటు దగ్గర నిలబడి గల్లీ మొత్తానికి వినిపించేలా చెప్పింది. "నా గిన్నెల చక్కెర వేస్తే గిన్నె మీరే ఉంచుకోండ్రి. మెంతికూర కట్ట వెయ్యిండ్రి." అప్పటి నుంచి అదే లెక్క.

దేవత అని చెప్పను. మొండి మనిషి. పైవాటా అక్క చేతిలోంచి రొట్టె లాగేసి, రెండు నెలలు ఆ అక్కతో మాటలు పోగొట్టుకుంది. కానీ ఆ మొండితనమే రాజేంద్రనగర్‌లో మా చిన్నాయన కొడుకు గృహప్రవేశంలో నన్ను కాచింది. అక్కడ అన్నం బకెట్టు పట్టుకున్నాయన నా విస్తరి మీదికి వంగి, "మొగోనివి, గింత బువ్వ తినవా?" అని నలుగురిలో నవ్వించాడు. సిగ్గుపడి సరేననబోయాను. పక్కన కూర్చున్న ఓనరమ్మ తన చెయ్యి చాపి నా విస్తరి మీద కప్పింది.

"వెయ్యి," అంది. "నా చేతి మీద వెయ్యి."

గరిటెలో అన్నం పొగలు కక్కుతోంది. ఆయన గరిటె బకెట్టులో పెట్టి, తర్వాతి విస్తరికి పోయాడు. ఆమె చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

పదకొండో రోజు, ప్రార్థన చేసి ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. ఆమెకు పిల్లలు లేరు, మామిడిపల్లిలో తమ్ముడున్నాడు, అన్నీ ఆయనే చూశాడు. బగారన్నం, కోడికూర, మిఠాయి వంటవాళ్లకు చెప్పాడు. చెప్పుకోనీ. "రెండు గిన్నెలు మాత్రం నేను వండుతా," అన్నాను.

"ఏం వండుతవ్?"

"ఆమె తినేది."

"చచ్చినోళ్ల పేరు మీద పథ్యం పెడ్తే జనం నవ్వుతరురా."

"నవ్వనియ్యి మామా. నవ్వేటోళ్లు ఆమె బతికున్నప్పుడే నవ్విండ్రు."

ఆ పొద్దున నేనూ మా ఆవిడా పైవాటా అక్కా కలిసి గుడ్ల పులుసు, మెంతికూర కోడి వండాం. ఉప్పు సగం, కారం సగం. ప్రార్థన అయ్యాక తమ్ముడు నా కూర అన్నంలో కలుపుకుని ముద్ద పెట్టుకున్నాడు. "చప్పగున్నది గదరా," అన్నాడు. మా ఆవిడ వంగి ఆయన కంచంలో అన్నం పక్కకు నెట్టింది. "ఉత్తగ తిను మామా." తిన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. మూడోసారి వేయించుకుంటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు:

"నాకు గూడ ఉన్నదిరా షుగరు. మూడేండ్లాయె. అక్కకు చెప్పలే. చెప్తే బువ్వ తిననియ్యదని."

ఆ మనిషి పొద్దుటి నుంచి మెల్లగా అడుగులేస్తున్నాడు. అక్క పోయిన బరువనుకున్నాను. అందరూ చెప్పులు విడిచి కూర్చున్నా, ఆయన ఒక్కడే బూట్లతో కుర్చీలో కూర్చున్నాడు. నా కంచం పక్కన పెట్టాను.

"బూటు ఇడువు," అన్నాను.

"ఇప్పుడెందుకురా, మందిల?"

"నేనేం అడిగిన, నువ్వేం జెప్తున్నవ్? బూటు ఇడువు."

అవి నా మాటలు కావని ఆయనకు తెలిసింది. అక్క ఫొటో వైపు ఒకసారి చూసి, వంగి లేసులు విప్పాడు. మడమకు గుడ్డ చుట్టి ఉంది. కాలు నా ఒళ్లో పెట్టుకుని గుడ్డ విప్పుతుంటే ఏడ్చేశాను, దాచుకోలేదు. తెల్లారే నా కారులో దవాఖానకు తీసుకుపోయాను. ఇంకా సమయముందన్నారు. తిరిగి దింపేటప్పుడు, ఓనరమ్మ పేరు కొట్టించిన స్టీలు గిన్నెలో కూర పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆమె ఆఖరిసారి మా ఇంటికి పంపిన గిన్నె అది. ఎవరికి తిరిగివ్వాలో తెలియక మా అల్మారాలోనే ఉండిపోయింది.

నిన్న ఒంటిగంటకు మా ఆవిడ చాప పరుస్తుంటే గేటు చప్పుడైంది. పైన విమానం పోతోంది, ఆయన ఏదో అంటున్నాడు, మాకు వినపడలేదు. చేతిలో ఆ గిన్నె ఉంది. గిన్నె నిండా మెంతికూర, వేర్లకు ఇంకా తడిమట్టి.