నాలుకలు చూసిన దేవదానం

లండన్ ఈస్ట్ హామ్‌లో ఐదేళ్లపాటు ఒక్క తెలుగువాడికి కూడా జలుబు చేయలేదు. కారణం దేవదానం. సరే, ఒక్కడికీ అంటే మీరు నమ్మరు. చేసింది. చేసినవాళ్లు అతనికి భయపడి చర్చికి రాకుండా ఇంట్లో తుమ్ముకున్నారు.

దేవదానానిది తెనాలి వైపు. ఇక్కడ కేర్ హోమ్‌లో ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే ఉద్యోగం. 2009లో నడుము పట్టేసింది. ఒళ్లంతా వేడి చేసిందని తన ఇంగ్లీషులో చెప్తే జీపీ డాక్టరు థర్మామీటరు పెట్టి, జ్వరం లేదు పొమ్మన్నాడు. హై స్ట్రీట్‌లో చైనా మందుల కొట్టు నడిపే పెద్దావిడ మాత్రం వేడి అనగానే తలూపి, నాలుక చాపమంది. వేడి, చలవ తెలిసిన మనిషి లండన్‌లో దొరికిందని దేవదానం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. శనివారాలు ఆ కొట్లో వేర్లు పొట్లాలు కడుతూ, వసంతానికి లివరు, ఎండాకాలానికి గుండె, ఆకులు రాలే కాలానికి ఊపిరితిత్తులు, చలికాలానికి కిడ్నీలు అని బట్టీ పట్టాడు. 2012లో ఆవిడ కొట్టు మూసేస్తూ, అనుమానం వస్తే ఆసుపత్రికి పంపమని చెప్పింది. గోడ మీది నాలుకల బొమ్మ అడిగి తెచ్చుకున్నాడు. ఆసుపత్రి మాట అక్కడే వదిలేశాడు.

మా సంఘంలో నెలకోసారి ప్రభు సంస్కారం. రొట్టె పళ్లెం పట్టేది దేవదానం. అతని వరసలో నాలుక చాపితే గానీ రొట్టె పడదు. దొంగతనంగా నేరేడు పళ్లు తిన్నామేమోనని మా కాన్వెంటులో సిస్టర్ కూడా ఇలాగే చూసేది. కాకపోతే ఆవిడ బెత్తంతో సరిపెట్టేది.

2016 సెప్టెంబరులో కృపమ్మ వంతు వచ్చింది. హాస్పిటల్ లాండ్రీలో పని. ఆమె నోటికి సంఘమంతా దడిసేది.

"బేగి పెట్టన్నయ్యా. ఈ నాలిక్కి జడిసే మా ఆయన ఆదివారం షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంటన్నాడు."

"ఎడం పక్కన తెల్ల మచ్చుంది. ఊపిరితిత్తులు ఎండిపోయినై. బేరిపండు పటికబెల్లంతో ఉడకబెట్టి తాగమ్మా."

అది క్యాన్సరు మొదలు. అప్పుడే డాక్టరు చూస్తే చిన్న కోతతో పోయేది.

ఫిబ్రవరిలో మచ్చ అలాగే ఉంది. "ఇప్పుడిది కిడ్నీలది" అని అక్రోట్లు, నల్ల నువ్వులు చెప్పాడు. ఏప్రిల్‌కి మచ్చ గట్టిపడి పుండైంది. "లివరు. కోపం తగ్గించుకో." కాలానికో అవయవం ఉండబట్టి అతని మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

కృపమ్మ కూతురు అక్సా చర్చి మెట్ల మీదే అరిచింది: "మమ్, జస్ట్ సీ అ డెంటిస్ట్, ప్లీజ్!"

"నోర్ముయ్యవే. అన్నయ్య నెలనెలా చూస్తన్నాడుగా. ఆ జీపీ సర్జరీవోళ్లు ఫోనే ఎత్తరు."

జులైలో అక్సా తల్లిని లాక్కెళ్లింది. డెంటిస్టు ఆ పూటే ఆసుపత్రికి పంపింది. సగం నాలుక తీసేసి, ముంజేతి చర్మంతో అతుకు వేశారు.

డిసెంబరులో కృపమ్మ మళ్లీ చర్చికి వచ్చింది. వచ్చి దేవదానం వరసలోనే కూర్చుంది. పళ్లెం దగ్గరికి రాగానే నోరు తెరిచి, మిగిలిన నాలుకని చాపగలిగినంత చాపి, అలాగే ఉంచింది. పక్కవాళ్లు తలలు దించుకున్నారు. దేవదానం కళ్లజోడు సర్దుకుని, వంగి, తీరిగ్గా చూశాడు.

"రంగు మాత్రం బాగుందమ్మా. చలికాలం, పాదాలు వెచ్చగా పెట్టుకో."

కృపమ్మ ఏదో అంది. గట్టిగానే అంది. ఏమందో ఎవరికీ అర్థం కాలేదు, పక్కనున్న అక్సాకి కూడా. ఎవరో నవ్వారు. అది నేను కాదని చెప్పలేను.

ఇదంతా రాసి దేవదానానికి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం అంకుల్" అన్నాడు, గోడ మీది నాలుకల బొమ్మ కింద కూర్చుని. "మన సంఘంలో రొట్టె చేతిలోనే పెడతాం. నేనెవరి నాలికా చూళ్లేదు."